గ్రంథ శబ్ద విచారము

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున, దాని ద్వారముపై వ్రాయబడియున్న పేరును గూర్చియే నాలుగు మాటలు విన్నవింపదలచితిని. గ్రంథమునకు ఆలయము గ్రంథాలయము. ఆలయమనగా ఏమో ఎల్లరు నెరుగుదురు. గ్రంథమనగా ఏమి? 'పుస్తకము' అని బడిపిల్లవాడు సైతము తడుముకొనక చెప్పును. ఆ ఉత్తరము తప్పు కాదు గాని పూర్ణమును కాదు. హిందీ మాటలాడువారు 'పుస్తకాలయ' మనుచుండగా, మన పెద్దలు చేతికందిన ఆ మాటను విడిచి గ్రంథాలయమను పేరును స్థిరపరచిరి. ఈ రెండు మాటలకును గల భేదమెట్టిదో విచారించుట అనవసరము కాదు.

ఇది కేవలము శబ్దవినోదము కొఱకు చేయు విచారము కాదు. మన గ్రామమున పలు ఇండ్ల అటకలమీద తాటాకు కట్టలు నేటికిని ఉన్నవి. కొన్ని పురాణములు, కొన్ని వైద్యము, కొన్ని వట్టి ఊరి లెక్కలు. వానిని గ్రంథాలయమున చేర్చుకొనవలెనా, వలదా అను ప్రశ్న కార్యవర్గ సమావేశములందు పలుమారులు వచ్చినది. 'లెక్కల కట్టలు కవిలెలే గాని గ్రంథములు కావు. వానికి ఇచ్చట చోటు లేదు' అని కొందరు మిత్రులు వాదించిరి. లెక్కలు వ్రాయుట తాతముత్తాతల నాటినుండి మా ఇంటి వృత్తి. నేనును ఆ బలపము పట్టియే జీవించుచున్నవాడను. సంస్కృతాంధ్రములు నాకు గురుముఖమున గాక నిఘంటువుల మూలమున, ఇట్టి గ్రంథాలయముల మూలమున అబ్బినవి. కావున ఈ తగవు తీర్పుమని ఆ శబ్దమునే అడుగుట మేలని నాకు తోచినది.

గ్రంథ శబ్దమునకు మూలమైన ధాతువునకు కూర్చుట, గ్రుచ్చుట, కట్టుట, ముడివేయుట అని అర్థములు. ముడికి 'గ్రంథి' యను పేరు ఈ ధాతువునుండియే కలిగినది. చెరకు కణుపును, కీలును, శరీరములో రసములూరు అవయవమును గ్రంథి యనుటకు అవి ముడివలె ఉండుటయే కారణము. పూలను దారమున కూర్చినను ఈ ధాతువునే వాడుదురు. కావున గ్రంథమను మాటకు మొదటి అర్థము ఆకు కాదు, అక్షరమును కాదు, కట్టు.

పాణిని మహర్షి క్రీస్తునకు పూర్వము నాలుగైదు శతాబ్దుల నాటివాడని పండితులు చెప్పుదురు. ఆయన అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయమున, ఒక విషయమును గూర్చి రచింపబడిన కృతికి పేరెట్లు ఏర్పడునో చెప్పుచు గ్రంథ శబ్దమును వాడియున్నాడు. ఆనాడు విద్య ముఖ్యముగా నోటనుండి చెవికి సాగుచుండెడిది. కనుక ఆ సూత్రమునందలి గ్రంథమునకు వ్రాతకట్టయే అర్థమనుటకు వీలు లేదు. మాటల కూర్పు అని చెప్పుట యుక్తము. ఆకులను దారముతో కట్టుటకు ముందే మాటలను క్రమముతో కట్టుట ఉన్నదన్నమాట. ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

ఈ శబ్దమునకు చుట్టములు అనేకములు కలవు. సూత్రమనగా దారము. ప్రబంధమున ఉన్నది బంధము. తంత్రమను మాటకు మగ్గముమీది పడుగు అని ఒక అర్థము. భారతమునందలి పర్వమునకు కణుపు అనియు, రామాయణమునందలి కాండమునకు కాడ అనియు, భాగవతమునందలి స్కంధమునకు చెట్టు బోదె అనియు అర్థములున్నవి. వేదమునకు శాఖలు. వ్రాతకు పత్రము, అనగా ఆకు. మన పూర్వులు విద్యను గూర్చి తలచినపుడెల్ల వారి మనస్సు చెట్టుమీదికో, నూలుమీదికో పోయినదని ఈ మాటలే సాక్ష్యము చెప్పుచున్నవి.

పుస్తక శబ్దము సంగతి వేరు. ఇది ప్రాచీన ఇరాను భాషలలో తోలునకు గల పేరునుండి మనకు వచ్చినదని పలువురు భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయము. దానికి ప్రాకృతము మీదుగా తెలుగున ఏర్పడిన రూపము పొత్తము. ఇంగ్లీషువారి లైబ్రరీ శబ్దమునకు మూలమైన లాటిను మాటకు చెట్టు లోపలి పట్ట అని అర్థము. వీని యన్నిటి యందును వ్రాయబడిన వస్తువు పేరే వ్రాతకు పేరైనది. తోలు, పట్ట, ఆకు, అన్నియు వస్తువులే. గ్రంథ శబ్దమొక్కటి వస్తువును చెప్పక, దానిమీద మనుష్యుడు చేసిన పనిని చెప్పుచున్నది. తాటాకు పోయి కాగితము వచ్చినను, గంటము పోయి అచ్చు వచ్చినను ఆ మాట చెల్లుచుండుటకు ఇదియే హేతువు.

ఆ పని ఎట్టిదో చూతము. వ్రాతకు సామాన్యమైన తాటియాకును, అంతకంటె వెడల్పును మెత్తదనమును గల శ్రీతాళపుటాకును వాడుదురు. ఈనె తీసి, నీడను ఆరవేసి, ఉడకబెట్టి, మరల ఆరిన పిదప నునుపు చేసి, ఒక్క కొలతకు కోయుదురు. ఇనుప గంటముతో గీచిన అక్షరము మొదట కంటికి ఆనదు. దీపపు మసిని నూనెతోనో, ఆకుపసరునో పూసి తుడిచినచో గీతలలో నలుపు నిలిచి అక్షరము తేలును. ఆకునకు ఒకటియో రెండో రంధ్రములు చేసి, ఒకే త్రాడు అన్నిటిలో దూర్చి, పైన క్రింద చెక్క పలకలు పెట్టి బిగించి కట్టుదురు. ప్రతి యాకు అంచున అంకె ఉండును. చదువునపుడు త్రాడు వదులు చేసి ఒక్కొక్క ఆకు త్రిప్పుకొనుచు పోయి, చదువుట ముగిసినంతనే మరల బిగింతురు.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగును. ఆకు ఒంటరిగా బలహీనమైనది. విడియాకు ముడుతపడును, విరుగును, ఎగిరిపోవును. వంద ఆకులు పలకల నడుమ బిగిసియున్నచో ఒకదాని నొకటి కాపాడుకొనును. ఈ కారణముచేతనే లేఖకులు వ్రాత ముగిసిన పిదప చివరి యాకున చదువరులకు ఒక ప్రార్థన వ్రాయు ఆచారము దేశమంతట వ్యాపించినది. నూనెనుండి, నీటినుండి, వదులైన కట్టునుండి దీనిని కాపాడుడనియు, మూర్ఖుని చేత పెట్టవలదనియు దాని భావము. నూనె అక్షరమును మరుగుపరచును, నీరు ఆకును కుళ్ళించును. వానితో సమానమైన ప్రమాదముగా వదులు ముడిని లెక్కించుట, వెన్ను వంచి వ్రాసినవాని అనుభవమునుండి పుట్టిన వివేకము.

కట్టు తెగిన పిదప జరుగునది 'గ్రంథపాతము'. పాతమనగా పడిపోవుట. ప్రాచీన కావ్యములను అచ్చొత్తించిన పండితులు, మాతృకలో భాగము లోపించిన చోట ఈ మాటను వ్రాసి చుక్కలు పెట్టుదురు. చదువరి ఆ చుక్కలను దాటి పోవును. కాని ఆ చుక్కల వెనుక ఏ అటకమీదనో తెగిన త్రాడొకటి ఉన్నది. పోతన భాగవతమున కొన్ని భాగములు శిథిలములు కాగా ఇతరులు పూరించిరని ప్రతీతి. పంచమస్కంధము గంగనదియు, షష్ఠస్కంధము సింగనదియు, చివరి రెండు స్కంధములు వెలిగందల నారయదియు అని మనము చదువుచునే యున్నాము. వారు పూరింపకున్నచో మనకు మిగిలెడిది ఖాళీయే. దీనికి మారుగా, కట్టు నిలిచినచో ఏమగునో కూడ చూడుడు. నన్నెచోడుని కుమారసంభవము పేరైనను లోకమునకు సరిగా తెలియక యుండగా, తంజావూరు సరస్వతీ మహలున ఉన్న ప్రతి ఆధారముగా మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో దానిని ప్రకటించిరి. వందల యేండ్లు ఎవ్వరు చదువకున్నను, ఎవ్వరో కట్టి యుంచుటచేత ఆ కావ్యము బ్రదికినది.

గ్రంథ శబ్దమునకు ఇంకొక అర్థము కలదు. నా వృత్తికి దగ్గరది గనుక కొంచెము విస్తరింతును. లేఖకుల లెక్కలో గ్రంథమనగా 32 అక్షరముల కొలత. అనుష్టుప్ శ్లోకమునకు పాదమునకు 8 చొప్పున నాలుగు పాదములకు 32 అక్షరములగును, అదే ప్రమాణము. వచనమైనను ఈ కొలతతోనే కొలుతురు. ధాన్యమునకు కుంచము వలె వ్రాతకు గ్రంథము. రామాయణము 24 వేల గ్రంథములనగా 7 లక్షల 68 వేల అక్షరములు. భారతము లక్ష గ్రంథములనుటచేత 32 లక్షల అక్షరములు.

మన పద్యములకు ఈ లెక్క వేసి చూచితిని. ఉత్పలమాలకు పాదమునకు 20 చొప్పున 80 అక్షరములు. అనగా రెండున్నర గ్రంథములు. మత్తేభమునకును అంతియే. శార్దూలమునకు 76, రెండు గ్రంథముల మీద 12 అక్షరములు. చంపకమాలకు 84, రెండు గ్రంథముల మీద 20 అక్షరములు. 108 ఉత్పలమాలలు గల శతకమున్నచో అది సరిగా 270 గ్రంథములు. కందము మాత్రల లెక్కతో నడచునది గనుక దాని అక్షరసంఖ్య పద్యము పద్యమునకు మారును.

ఈ కొలత ఎందులకు? లేఖకునికి కూలి కట్టుటకు ఒకటి. అంతకంటె ముఖ్యమైనది ప్రతి సరిచూచుకొనుట. చివరి యాకున గ్రంథసంఖ్య వ్రాసియున్నచో, తరువాతి లేఖకుడు తన ప్రతిని లెక్కించి ఎచ్చటనైనను పద్యము జారినదేమో తెలిసికొనవచ్చును. లెక్కలలో మొత్తము సరిపోవలెనని మేము పట్టుబట్టునది ఇందులకే. అక్షరమునకు సయితము జమాఖర్చు కట్టినవారు మన పూర్వులు.

ఇక తెలుగువారి వాడుక చూతము. వ్రాసి నిలిపిన సంగతి గ్రంథస్థము. వ్యాఖ్యాతలు చెప్పవలసినది మిగిలియుండగా ఆపుటకు గ్రంథవిస్తరభీతిని సాకుగా చూపుదురు. పరుల రచనను తనదనుట గ్రంథచౌర్యము. ఇవి పండితుల మాటలు. రచ్చబండ మీదను ఈ శబ్దము తక్కువగా వినబడదు. 'వానిలో అంత గ్రంథము లేదు' అందురు. సరకు లేదని భావము. ఇది ఆ 32 అక్షరముల కొలతనుండి పుట్టిన పలుకుబడియేమో యని నాకు తోచుచున్నది. చిన్న తగవు పెద్దదైనచో 'పెద్ద గ్రంథమే నడచినది' అందురు. 'గ్రంథసాంగుడు' అను మాట మరియు వింతయైనది. గ్రంథమును సాంగముగా ఎరిగినవాడని పైకి కనబడు అర్థము. వాడుకలో మాత్రము కడు గడుసువాడు, ధూర్తుడు. చదువును చెడ్డపనికి వాడినవానిని లోకము ఒక్క మాటతో శిక్షించినది.

గ్రాంథిక భాష యను వ్యవహారము ఈ శబ్దమునుండియే ఏర్పడినది. గ్రంథములందలి భాష యనియే దాని అర్థము. 20వ శతాబ్ది తొలి దశకములలో గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికము పక్షమునను, జయంతి రామయ్య పంతులుగారు మొదలగువారు గ్రాంథికము పక్షమునను నిలిచి చేసిన వాదము సుప్రసిద్ధము. పంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. నేను వ్రాయుచున్నది పాత వాసనగల భాషయే. ఐనను ముడి బిగుతు ఎంత అవసరమో, చదువరి విప్పుకొన వీలగుటయు అంత అవసరమని ఆ వాదము నేర్పినదని ఒప్పుకొందును.

ఇతర దేశములందును ఈ మాట గొప్ప పదవుల నందినది. తమిళదేశమున సంస్కృతమును వ్రాయుటకు వాడిన లిపికి గ్రంథలిపి యనియే పేరు. తమిళలిపిలో సంస్కృతమునకు వలసిన అక్షరములన్నియు లేకుండుటచేత అది అవసరమైనది. పంజాబున 1604లో గురు అర్జునదేవులు తమ పూర్వగురువుల వాణిని, భక్తుల వాణిని ఒక్కచోట కూర్చిరి. 1708లో గురు గోవిందసింహులు ఆ కూర్పునే తమ అనంతరము గురువుగా నిలిపిరి. అదియే గురుగ్రంథ సాహెబు. దానిని చదివి వినిపించువానిని 'గ్రంథి' యందురు. మనకు ముడియైన మాట అచ్చట మనుష్యుడైనది. పెక్కుర వాణిని ఒక్క త్రాటిపై కూర్చుట యను మూలార్థము అచ్చట నెంత చక్కగా నిలిచినదో చూడుడు.

ఇక గ్రంథాలయ శబ్దము. తొలినాళ్ళలో మనవారు ఇట్టి సంస్థలకు పలు పేర్లు పెట్టిరి. హైదరాబాదున 1901లో వెలసినది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. హనుమకొండలో 1904లో వెలసినది రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము. నైజాము రాజ్యమున తెలుగునకు ఆదరము లేని కాలమున భాషకే ఒక ఇల్లు కట్టవలసివచ్చినది గనుక ఆ పేరు సార్థకము. పుస్తకభాండాగారమను పేరును ఉండెడిది. అది దాచుటను చెప్పును. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దల కృషిచే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన తరువాత గ్రంథాలయమను పేరు ఉద్యమముతోపాటు పల్లెపల్లెకు వ్యాపించినది. వేటపాలెమున 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము నేటికిని పరిశోధకులకు యాత్రాస్థలము. పిదప హైదరాబాదు రాజ్యమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను పౌరగ్రంథాలయ శాసనములు వచ్చి ఈ సంస్థలకు ప్రభుత్వపు అండ కలిగినది.

ఇప్పుడు మన తగవునకు వత్తము. లెక్కల కట్ట గ్రంథమగునా? కరణముల వ్రాతలకు కవిలె యని పేరు. అది తాటాకుల కట్ట. వర్తకులును కరణములును వాడిన మరియొకటి కడితము. చింతగింజల అంబలిలో బొగ్గుపొడి కలిపి గుడ్డకు పట్టించి, ఆరిన పిదప మడతలు పెట్టి, బలపముతో వ్రాసెడివారు. కవిలెలలో వట్టి శిస్తు లెక్కలే ఉండెననుకొనుట పొరపాటు. పొలముల ఎల్లలు, చెరువుల తూములు, కాలువల వంతులు, దేవాలయ మాన్యములు, ఊరు పుట్టిన వృత్తాంతము, పాడుపడిన ఊళ్ళ పేర్లు వానియందు ఉండెడివి. కర్నల్ మెకంజీ (1754–1821) మన దేశమున స్థానిక చరిత్రలు సేకరించినపుడు కావలి సోదరులు మొదలగు తెలుగువారు ఊరూర తిరిగి వ్రాయించిన కైఫీయతులకు ఈ కవిలెలే ముఖ్యాధారములు. కైఫీయతులందు దండకవిలెల ప్రశంస పలుమారు కానవచ్చును. ఆ కైఫీయతులు నేడు చరిత్రకారులకు ప్రమాణములు. బిడ్డను గ్రంథమని గౌరవించి, తల్లిని లెక్కల చిట్టాయని బయటకు నెట్టుట న్యాయమా?

అట్లని కట్టబడినదెల్ల గ్రంథమని నా వాదము కాదు. కట్టెలమోపును సైతము త్రాటితోనే కట్టుదురు. పాణిని నాటి అర్థమును ఇచ్చట స్మరింపవలెను. గ్రంథమునకు వలసినది మాటల కూర్పు, క్రమము, ఒక విషయమును గూర్చిన ఏకాగ్రత. మంచి కవిలెయందు ఈ మూడును కలవు. జమ, ఖర్చు, నిలువ అనునవి తలక్రిందులైనచో అది లెక్కయే కాదు. ఊరను ఒక్క విషయమును పట్టుకొని, తరము తరువాత తరము, ఆకు తరువాత ఆకు కూర్చుకొనుచు పోయిన వ్రాత అది. కర్త పేరు లేదు. కాని ఊరే దాని కథానాయకుడు. ధాతువు చెప్పినను, పాణిని చెప్పినను, లేఖకుల కొలత చెప్పినను, కవిలె గ్రంథమే యని నా నిశ్చయము.

ఈ నిశ్చయము పుస్తకములలో నిలిచిపోదగినది కాదు; త్వరపడవలసిన పని. 1984లో వంశపారంపర్య గ్రామాధికారముల రద్దుతో కరణీకము అంతరించినది. అధికారపు మంచిచెడ్డలను గూర్చి నేనిచ్చట వాదింపను. కాని అధికారము పోయిన యిండ్లలో కవిలెలకు పనియు పోయినది. కొన్ని చెదలకును, కొన్ని పొయ్యిలోనికిని పోయినవి. పుణ్యమను బుద్ధితో నదిలో విడిచిన తాళపత్రములకు లెక్క లేదు. మరికొన్నిటిని ఆకు లెక్కను అలంకారము కొఱకు అమ్ముచున్నారు. గోడకు తగిలించిన ఒంటి యాకు చూచుటకు అందమే గాని, అది గ్రంథపాతమునకు చట్రము కట్టుటయే. తాటాకునకు సామాన్యముగా మూడు నాలుగు వందల యేండ్లకు మించి ఆయువు లేదు. పూర్వము శిథిలమగుటకు ముందే మరల వ్రాసికొనెడివారు. నేడు వ్రాయువారు లేరు గనుక ఉన్నవే తుదిప్రతులు.

కేంద్రప్రభుత్వము 2003లో లిఖితప్రతుల రక్షణకై జాతీయ కార్యక్రమము నొకదానిని ప్రారంభించినది. మదరాసునందలి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారము, తంజావూరు సరస్వతీ మహలు వంటి చోట్ల తెలుగు ప్రతులు వేలకొలది భద్రముగా నున్నవి. ఐనను ఏ పెద్ద సంస్థయు మన ఊరి అటక నెక్కి చూడజాలదు. ఆ పని ఊరి గ్రంథాలయమునదే. అందులకు పెద్ద ధనమక్కరలేదు. ఒక చెక్క బీరువా, శుభ్రమైన నూలుగుడ్డ, నూలుత్రాడు, ఇచ్చిన యింటివారి పేరు వ్రాయుటకు ఒక పట్టీ చాలును. చెదలు పురుగులు చేరకుండ పూర్వులు వసకొమ్ములు, వేపాకు ఉంచెడివారు. తెలియనివారు ఆకులకు నూనెలు పూయరాదు. తెలిసినవారు నిమ్మగడ్డి నూనెను మితముగా వాడుదురు. అన్నిటికంటె ముఖ్యము, కట్టను విప్పి ఆకుల వరుస చెరుపరాదు.

మన యువకులు చరవాణితో ఛాయాచిత్రములు తీసి ఉంతుమనుచున్నారు. చాల సంతోషము. కాని వారికి ఒక్క మాట. ప్రతి యాకునకు రెండు ప్రక్కలు వరుసగా తీసి, వరుస సంఖ్య వేసి, కట్ట పేరు వ్రాసి ఉంచుడు. క్రమము లేక చరవాణిలో చేరిన వేయి ఛాయాచిత్రములు, త్రాడు తెగిన వేయి ఆకుల వంటివే. ఆకు మారినను, కాగితము మారినను, రేపు మరి యేమి వచ్చినను, ముడి లేనిది గ్రంథము కాదు.

కావున కార్యవర్గము వారికి నా విన్నపమిది. ఈ రజతోత్సవ సంవత్సరముననే తాళపత్రములకును కవిలెలకును గ్రంథాలయమున ఒక చోటు కేటాయింతురు గాక. గ్రామస్థులు తమ అటకలను ఒకమారు చూచుకొందురు గాక. కవిలెలు చేర్చుకొను చిట్టా వ్రాయు భారము నాకప్పగించినచో సంతోషముతో వహింతును. అందులో మొదటి పద్దుగా మా ఇంటి కవిలెలు పదునొకండు కట్టలు వ్రాయుదును.